హెరిటేజ్ లిస్టులో ఉన్న మా ఇంటికి పర్మిషన్లు తెచ్చిపెట్టిన సర్వీస్ గురించి

ఐదుకి నాలుగు ఇస్తున్నా. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద వివరంగా రాసా, మిగతాది చదవకపోయినా అది మాత్రం చదవండి, ఎందుకంటే ఎంత మంచి కన్సల్టెంట్‌ని పెట్టుకున్నా అక్కడే దెబ్బ తినే ఛాన్స్ ఉంది. తప్పు కూడా రాస్తున్నా కాబట్టి వాళ్ల పేరు ఇక్కడ పెట్టట్లేదు.

మా అత్తయ్యగారి ఇల్లు హెరిటేజ్ లిస్టులో, అంటే కాపాడాల్సిన పాత కట్టడాల జాబితాలో ఉంది. నూరేళ్లు దాటింది, ముందు పొడుగాటి వరండా, లోపల చెక్క మెట్లు, పైన వాన పడితే కారే గదులు రెండు. ఆవిడకి మోకాళ్లు అస్సలు సహకరించట్లేదు, కింద ఒక బాత్రూమ్ కావాలి, గోడలకి చెమ్మ, కిటికీల అడుగు చెక్కలు పుచ్చిపోయాయి, కరెంటు వైరింగ్ చూస్తేనే భయం వేసేది. అమ్మేద్దాం అన్నవాళ్లు కూడా ఉన్నారు గానీ ఆవిడ కోడలిగా అడుగుపెట్టిన ఇల్లది, ఉన్నన్నాళ్లూ అక్కడే ఉంటానంది, మాకూ ఆ ఇల్లంటే ప్రాణం, సరే బాగు చేయిద్దాం అనుకున్నాం.

మొదట వచ్చిన కాంట్రాక్టర్ "లోపల మీరేం చేసుకున్నా అడిగేవాళ్లుండరమ్మా, బయట గోడ కదపకపోతే చాలు" అన్నాడు. మేం దాదాపు నమ్మేశాం. మా ఆయనే ఎందుకైనా మంచిదని లిస్టులో మా ఇంటి గురించి రాసిన కాగితం కాపీ తీయించారు, అందులో రెండంటే రెండు లైన్లు, వరండా స్తంభాలూ మెట్లూ గురించి. ఓహో అయితే ఇవి రెండూ ముట్టుకోకపోతే చాలు కదా అనుకున్నాం. ఆ కాగితం పట్టుకునే ఈ ఆఫీసుకి వెళ్లాం, పాత కట్టడాల మీదే పనిచేసే ఆర్కిటెక్టులు, పర్మిషన్ల పని మొత్తం వాళ్లే చూస్తారు. అక్కడ మాతో మాట్లాడిన ఆవిడ కాగితం చూసి "మేడమ్, ఇది ఇల్లు గుర్తుపట్టడానికి రాసిన వివరం, ఇందులో లేనిదల్లా తీసేయొచ్చని కాదు" అంది. ఆ ఒక్క మాటతోనే ఫీజుకి సగం న్యాయం జరిగిందని నా ఫీలింగ్.

ఎందుకంటే లిస్టులో ఉండటం అంటే ఒక్కో చోట ఒక్కో అర్థం. ఇంగ్లండ్‌లో అయితే లిస్టెడ్ బిల్డింగ్ అంటే లోపలా బయటా మొత్తం ఇల్లు, ప్రాముఖ్యాన్ని బట్టి ఇచ్చే గ్రేడ్ తక్కువైనా సరే, ఆవరణలో 1948 జూలై 1కి ముందు నుంచీ ఉన్న కట్టడాలు కూడా మామూలుగా అందులోకే వస్తాయి. అమెరికాలో దానికి దాదాపు ఉల్టా, చారిత్రక కట్టడాల జాతీయ రిజిస్టర్‌లో పేరున్నంత మాత్రాన సొంత డబ్బుతో సొంత ఇంట్లో పని చేయించుకునేవాళ్లని అది ఆపదు, ఆపేది స్థానిక కమిషన్ రూల్సు. ఇంకొన్ని చోట్ల రోడ్డు మీంచి కనిపించే ముఖం వరకే పట్టింపు. అందుకని ఎవరో చుట్టం వాళ్ల ఊళ్లో ఇలా చేశారు మనమూ చేద్దాం అనేది అస్సలు కుదరదు, మన ఇల్లు ఏ లిస్టులో ఉంది, ఆ లిస్టు వెనక ఏ చట్టం ఉంది, అది దేన్ని కాపాడుతుంది, ఈ మూడూ తేలాకే మేస్త్రీని పిలవాలి. ఇంకోటి, హెరిటేజ్ పర్మిషన్ వేరు మామూలు బిల్డింగ్ పర్మిషన్ వేరు, ఒకటొస్తే రెండోది వచ్చినట్టు కాదు. మాకు రెండూ కావాల్సొచ్చాయి, పైగా ఒక ఆఫీసులో ఏం ఒప్పుకున్నారో రెండో ఆఫీసుకి తెలియదు, ఆ రెండు సెట్ల డ్రాయింగులూ ఒకదానితో ఒకటి కలిసేలా చూసింది వీళ్లే.

వీళ్ల పనిలో నాకు బాగా నచ్చింది సర్వే. ఇద్దరు పిల్లలు వచ్చారు, పిల్లలంటే పాతికేళ్లుంటాయేమో, మూడు రోజులు ఇల్లంతా తిరిగారు. ప్రతి తలుపుకీ కిటికీకీ ఒక నంబరు, ప్రతి గోడకీ ఫోటో, కప్పు కింద దూలాల దగ్గర టార్చి వేసుకుని పడుకుని మరీ చూశారు. హాల్లో తలుపు వెనక ఒక మూల వాళ్లలో ఒక అమ్మాయి చిన్న బ్లేడుతో రంగుని గోరంత గోరంత మేర పొరలు పొరలుగా గీకింది, మెట్లలాగా. పైన ఆకుపచ్చ, దాని కింద నీలం, దాని కింద గోధుమరంగు, అన్నిటికన్నా అడుగున పసుపు కలిసిన సున్నం. మా అత్తయ్య కుర్చీ అక్కడికి జరిపించుకుని కూర్చుంది, నీలం పొర బయటపడగానే "ఇదే, నేనొచ్చినప్పుడు ఇదే రంగు" అంది, ఆవిడ గొంతు మారిపోయింది. ఆ నాలుగు రంగుల ముక్కని స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసి ఫైల్లో పెట్టారు, తర్వాత పర్మిషన్ ఇచ్చే హెరిటేజ్ కమిటీ ఏ రంగు వేస్తారు అని అడిగినప్పుడు ఆ ఫోటోనే జవాబు.

కిటికీలు కూడా అంతే. కాంట్రాక్టర్ పద్నాలుగూ మార్చేయాలన్నాడు. వీళ్లు సన్నటి సూదిలాంటి పనిముట్టుతో ప్రతి చెక్కా పొడిచి చూశారు, ఎక్కడ లోపలికి దిగిపోతే అక్కడ పుచ్చు, ఎక్కడ ఆగితే అక్కడ గట్టి. తేలిందేంటంటే పూర్తిగా పోయినవి రెండే, మిగతావాటికి కింద జానెడు లోపే పాడైంది, ఆ ముక్క కోసి అదే జాతి చెక్క అతుకు వేస్తే చాలు. మార్చాలి అని అప్లికేషన్ పెడితే మాకు పర్మిషన్ వచ్చేది కాదు, రిపేరు అని పెట్టాం కాబట్టి ఒక్క ప్రశ్న కూడా లేకుండా దాటిపోయింది. ఆ పాత చెక్క నాణ్యత ఇప్పుడు దొరకడం కూడా కష్టం, వడ్రంగి మేస్త్రీయే చెప్పాడు, రంపం పెడుతుంటే వాసన చూసి "అమ్మా దీన్ని పారేస్తే పాపం" అన్నాడు.

ఇవన్నీ కలిపి వీళ్లు ఒక డాక్యుమెంట్ తయారుచేశారు, ఇంట్లో ఏది ఎందుకు ముఖ్యం అని. మెట్లు, వరండా, ముందు గది పైకప్పు చెక్క పని అన్నిటికన్నా ముఖ్యం, వెనక వంటగది తర్వాతెప్పుడో కలిపింది కాబట్టి అక్కడ మార్పులకి కొంచెం వెసులుబాటు, ఇలా. కమిటీవాళ్లు నిజంగా చదివేది ఇదే. డ్రాయింగులు చూస్తారు గానీ వాళ్లు ప్రతి మార్పుకీ అడిగే ప్రశ్న ఒక్కటే, ఇది ఎందుకు కావాలి, ఇంతకన్నా తక్కువ ముట్టుకుని చేసే దారి లేదా అని. పాత కట్టడాలని ఎలా కాపాడాలో చెప్పే బుర్రా చార్టర్ అనే పత్రం ఆస్ట్రేలియాలో 1979లో రాసుకుని తర్వాత సవరించుకున్నారు, ఇప్పుడు అందులో ఈ మాటే ఉంది, అవసరమైనంత మార్చండి, కానీ వీలైనంత తక్కువ మార్చండి అని, చాలా దేశాల్లో ఈ పని చేసేవాళ్లు దీన్ని పట్టుకునే మాట్లాడతారు. మాకు మొదట్లో ఆ ప్రశ్న వింటే మన ఇంట్లో మనకి అడ్డుపుల్లలేంటి అని కోపం వచ్చేది, రెండు మూడుసార్లు కూర్చున్నాక మేమే ఇంట్లో ఒకరినొకరం అదే ప్రశ్న వేసుకోవడం మొదలుపెట్టాం.

బాత్రూమ్ సంగతే చూడండి. మా మొదటి ప్లాన్‌లో రెండు గదుల మధ్య గోడ పగలగొట్టడం ఉంది. అప్లికేషన్ పెట్టకముందే హెరిటేజ్ ఆఫీసర్‌తో ఒకసారి కూర్చునే పద్ధతి మాకు ఉంది, చాలా చోట్ల ఉంటుంది, దాన్ని మాత్రం ఎవరూ వదులుకోకండి. వీళ్లు ఆ మీటింగ్‌కి రెండు స్కెచ్‌లు తీసుకెళ్లారు. గోడ పగలగొట్టే స్కెచ్ చూడగానే ఆఫీసర్ మొహం మారింది. రెండోది గదిలో ఒక మూల విడిగా పెట్టెలాగా నిలబెట్టే బాత్రూమ్, పాత నేల మీద ఒక పొర వేసి దాని పైన కొత్త నేల, పైపులన్నీ ఆ మధ్యలోంచి, పాత గోడకి ఆనకుండా, పైకప్పు చెక్క పని దాకా వెళ్లకుండా. రేపు ఎవరికైనా వద్దనిపిస్తే విప్పేయొచ్చు, ఇల్లు మళ్లీ ముందులాగే ఉంటుంది. దానికి అక్కడికక్కడే సూత్రప్రాయంగా సరే అన్నారు. ఆఫీసర్ స్వయంగా "పెద్దావిడకి నేల ఎత్తు పెరిగితే ఎక్కడం కష్టం కదా, గుమ్మం దగ్గర వాలు ఇవ్వండి" అని సలహా కూడా ఇచ్చాడు. వరండా ఎక్కడానికి కూడా పాత రాతి మెట్ల మీద బోల్టు దిగకుండా తీసి పెట్టుకునేలాంటి ర్యాంప్ పెట్టాం.

పై వరండా రెయిలింగ్ ఎప్పుడో ఊడిపోతే ఎవరో ఇనప గొట్టాలు పెట్టారు, అవి తీసి పాతదే మళ్లీ చేయిద్దామని నా కోరిక. ఎలా ఉండేదో అని అడిగితే మా దగ్గర జవాబు లేదు, నేను నెట్‌లో అందమైన డిజైన్ ఒకటి చూపించా. వీళ్లు ఒప్పుకోలేదు. పాత కట్టడాల సంరక్షణ మీద 1964లో రాసిన అంతర్జాతీయ పత్రం వెనిస్ చార్టర్‌లోనే ఉందట, ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలి అని. అప్పుడు కొంచెం నొచ్చుకున్నా. తర్వాత మా అత్తయ్య ట్రంకు పెట్టెలో ఒక పెళ్లి ఫోటో దొరికింది, జనం వెనక రెయిలింగ్ సగం కనిపిస్తోంది, నిలువు బద్దలు, మధ్యలో డైమండ్ ఆకారం. ఆ ఫోటో పెద్దది చేయించి, అప్పటికే స్తంభాల మీద మిగిలిన పాత గాట్ల కొలతలు తీసి రెండూ సరిపోయాయని చూపిస్తే కమిటీ ఒప్పుకుంది. కొత్త చెక్కల వెనకవైపు చేసిన సంవత్సరం చెక్కించమన్నారు, రేపు చూసేవాళ్లకి ఏది పాతదో ఏది కొత్తదో తెలియాలని. ఇప్పుడు ఆ రెయిలింగ్ చూస్తే నేను చూపించిన డిజైన్ కాకుండా ఇది వచ్చినందుకు చాలా సంతోషంగా ఉంది.

ఇక హెరిటేజ్ రూల్సూ బిల్డింగ్ రూల్సూ కొట్టుకునే చోట్లు ఉంటాయి, అక్కడ అనుభవం ఉన్నవాళ్లు లేకపోతే మనం ఇద్దరి మధ్యా నలిగిపోతాం. లోపలి మెట్ల రెయిలింగ్ ఎత్తు ఇవాల్టి రూల్‌కి తక్కువ. బిల్డింగ్ ఆఫీసేమో ఎత్తు పెంచండి అంది, హెరిటేజ్ వాళ్లేమో పాతది కదపొద్దు అన్నారు. పాత రెయిలింగ్ అలాగే ఉంచి దానికి కాస్త లోపలగా సన్నటి రెండో పట్టీ విడిగా నిలబెట్టారు, రెండు ఆఫీసులూ సంతకం పెట్టాయి. వైరింగ్‌కి గోడ తొలవకుండా పైనుంచే గొట్టాల్లో లాగారు. కిటికీల్లోంచి గాలి రాకుండా డబుల్ గ్లాస్ అడిగాం, పాత ఫ్రేముకి ఆ మందం పట్టదన్నారు, లోపలివైపు ఇంకో సన్నటి అద్దం ఫ్రేము పెట్టుకోమన్నారు, అది సరిపోయింది. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ పొడి ఒంట్లోకి వెళ్తే విషం, అమెరికాలోనే ఇళ్ల పెయింట్‌లో 1978 దాకా నిషేధం లేదు, కాబట్టి టెస్ట్ చేయించకుండా పొడిగా సాండింగ్ చేయనివ్వద్దని వీళ్లు ముందే రాతపూర్వకంగా ఇచ్చారు. పాత రేకుల్లో, పైపుల చుట్టలో ఆస్‌బెస్టాస్ ఉందేమో చూడటం కూడా లిస్టులో పెట్టారు. చిన్న పిల్లలున్న ఇల్లయితే ఇవి పర్మిషన్ కన్నా ముందు చూసుకోవాల్సినవి.

ఇప్పుడు ఆ తగ్గించిన ఒక్కటి.

పర్మిషన్ లెటర్ వచ్చిన రోజు ఈ ఆర్కిటెక్టుల ఆఫీసు నుంచి కంగ్రాట్స్ అని మెయిల్ వచ్చింది, లెటర్ అటాచ్ చేసి. మేం మొదటి పేజీలో "అనుమతి ఇవ్వడమైనది" చూసి ఆనందపడి సున్నం మేస్త్రీని రమ్మన్నాం. నాలుగు పేజీల లెటర్‌లో మూడో పేజీలో కండిషన్లు ఉన్నాయి. పూత పని మొదలుపెట్టకముందు మీటరు చదరం మేర శాంపిల్ గోడ చేసి చూపించి రాతపూర్వకంగా ఓకే తీసుకోవాలి అని, వడ్రంగి పని డ్రాయింగులు విడిగా సమర్పించాలి అని. ఆ కండిషన్ తీరకుండా మొదలుపెడితే పర్మిషన్ ఉన్నా లేనట్టే, ఆ సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. నాలుగో రోజు ఇన్‌స్పెక్టర్ వచ్చి పని ఆపించాడు. సగం పూసిన గోడ అది, డంగు సున్నం సిమెంటులా గంటల్లో గట్టిపడదు, గాల్లోంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటూ వారాల తరబడి మెల్లగా గట్టిపడుతుంది, ఆ మధ్యలో తడి ఆరిపోతే పగుళ్లిస్తుంది. పూత పని ఆపమన్నారు గానీ తడపొద్దని అనలేదు, మేం ఇద్దరం పొద్దునా సాయంత్రం గోనెసంచులు తడిపి ఆ గోడకి కప్పుతూనే ఉన్నాం. అయినా ఒక మూల పోయింది, అది మళ్లీ గీకించి వేయించాం. మొత్తం ఆరు వారాలు, మా అత్తయ్య ఆ ఆరు వారాలూ వాళ్ల చెల్లెలింట్లో ఉంది, రోజూ ఫోన్ చేసి "అయిందా అమ్మా" అని అడిగేది. జవాబు చెప్పలేక బాధపడ్డాం.

ఆఫీసులో చిన్న అమ్మాయి, అదే రంగు గీకిన అమ్మాయి, తప్పు మాదే అని నేరుగా ఒప్పుకుంది, ఆ వారమే శాంపిల్ తయారు చేయించి కండిషన్ల అప్లికేషన్ ఫీజు తీసుకోకుండా పెట్టింది. ఆ అమ్మాయి మీద నాకు గౌరవమే. ఆఫీసు పెద్దాయన మాత్రం ఒక్క ఫోన్ కూడా చేయలేదు, అది మనసుకి బాగా కష్టమనిపించింది. లెటర్ రాగానే కండిషన్లన్నీ ఒక కాగితం మీద, ఏ పనికి ముందు ఏది, గడువెంత అని రాసి మేస్త్రీకీ మాకూ తలో కాపీ ఇస్తే ఇదంతా జరిగేది కాదు. గడువు కూడా చూసుకోండి, పర్మిషన్‌కి ఎక్స్‌పైరీ ఉంటుంది, ఇంగ్లండ్‌లో మామూలుగా మూడేళ్లు.

దీన్ని ఇంత సీరియస్‌గా ఎందుకు చెప్తున్నానంటే పర్మిషన్ లేని పని చిన్న ఫైన్‌తో పోయేది కాకపోవచ్చు. ఇంగ్లండ్‌లో అది క్రిమినల్ నేరం, సరిచేయించే నోటీసుకి కాలపరిమితి కూడా లేదు, ఇల్లు కొనుక్కున్న తర్వాతి ఓనర్ మెడకి కూడా చుట్టుకుంటుంది. మీరు పాత ఇల్లు కొంటుంటే ముందువాళ్లు చేయించిన మార్పులకి కాగితాలు ఉన్నాయో లేదో అడగండి. ఇంకొకటి కాంట్రాక్టర్లు తరచుగా చెప్పే మాట, ఉన్నదాన్ని ఉన్నట్టే రిపేరు చేస్తే పర్మిషన్ అక్కర్లేదని. చాలా చోట్ల అది కొంతవరకు నిజమే, కానీ సున్నం గోడకి సిమెంటు పూయడం ఉన్నది ఉన్నట్టు కాదు. మా ఇంట్లోనే వెనక గోడకి ఎప్పుడో నడుమెత్తు దాకా సిమెంటు పూసారు, చెమ్మ బయటికి పోయే దారి లేక ఇటుకలోనే ఉండిపోయింది, సిమెంటు పెచ్చు ఊడదీస్తే లోపల ఇటుక చేత్తో నలిపితే పొడైంది, తెల్లటి ఉప్పు అంటుకుంది వేళ్లకి. చెమ్మ పోవాలని పూసిన పూతే చెమ్మని ఆ గోడలో బంధించింది.

ఇలాంటి సర్వీస్ పెట్టుకునే ముందు నన్నడిగితే ఫీజు కన్నా ముందు అడగాల్సింది, పర్మిషన్ వచ్చాక మీ పని అయిపోయినట్టా, కండిషన్లు తీర్చేదాకా ఉంటారా అని. మా అగ్రిమెంట్‌లో పర్మిషన్ వచ్చేదాకా అనే ఉంది, మేం చూసుకోలేదు. కమిటీ ముందు ఎవరు కూర్చుంటారో, మీతో మాట్లాడిన మనిషేనా లేక ఇంకెవరినైనా పంపుతారా అదీ అడగండి. సైట్‌కి ఎన్నిసార్లు వస్తారో రాయించుకోండి. ఇదివరకు చేసిన ఇళ్లు ఒకటి రెండు చూపించమనండి, ఆ ఓనర్‌తో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడండి, కాగితాల్లో లేనివన్నీ అక్కడే తెలుస్తాయి.

ప్రస్తుతానికి కింద అంతా అయిపోయింది, అత్తయ్య తిరిగొచ్చేసింది, ముందు గది నీలం రంగే వేయించాం. ఇంకా రెండు కండిషన్లు క్లోజ్ కావాలి, ఆఖరి తనిఖీ మిగిలుంది. వచ్చే ఏడాది పైకప్పు పని ఉంది, దానికీ ఈ ఆఫీసునే పెట్టుకుంటున్నాం, ఈసారి కండిషన్లు తీర్చే బాధ్యత కూడా వాళ్లదే అని అగ్రిమెంట్‌లో రాయించా, సర్వేకి మళ్లీ ఆ అమ్మాయినే పంపమని కూడా అడిగా.